కూర్చునే పని

మేజోడు మడమ దగ్గర ఎప్పటిలాగే మొరాయించింది. అలీదా నేలమీద మోకాళ్ళూని, రబ్బరు తొడుగులు వేసుకున్న అరచేతులతో దాన్ని కొంచెం కొంచెంగా పైకి తోస్తోంది. కాళ్ళవాపు దిగడానికి తొడిగే బిగుతు మేజోడు అది, వేసుకునేవాళ్ళ కంటే వేసేవాళ్ళకే ఎక్కువ చెమట పట్టిస్తుంది. కుర్చీలో కూర్చున్న బ్యూమర్ ముసలావిడ ఆమె తల మీదుగా టీవీలో వాతావరణ వార్తలు చూస్తోంది.

"నీ చేతులు చల్లగా ఉన్నాయి" అంది, రోజూ అన్నట్టే.

"మీ కాళ్ళు వెచ్చగా ఉన్నాయి లెండి" అంది అలీదా, రోజూ అన్నట్టే.

అక్కడితో ఆ ఇంట్లో మాటలు అయిపోయాయి.

అలీదా ఇళ్ళకు వెళ్ళి చూసే నర్సు. ఆమె రోజును ఆఫీసులో ఎవరో ముక్కలు కోసి ఫోనులోకి పంపిస్తారు. ఒక ఇంట్లో మేజోళ్ళు, ఒక ఇంట్లో కంటిచుక్కలు, ఒక ఇంట్లో పుండుకు కట్టు మార్చడం. వంగడం, లేవడం, చేతులు కడుక్కోవడం, మళ్ళీ కారెక్కడం. పొట్టి మనిషి, అరవై దగ్గర పడ్డాయి. ఈ మధ్య మోకాళ్ళు కుయ్యో మొర్రో అంటున్నాయి. ఎవరింట్లోనూ కోటు విప్పేంత సేపు ఉండదు. ఒక్క సీమ్ అనే పెద్దాయన ఇంట్లో తప్ప.

ఆ ఇంట్లో పనే కూర్చోవడం. సీమ్‌కు ఊపిరితిత్తుల్లో బూజు పట్టింది, డాక్టర్లు ఫంగస్ అనేది. దానికి నరంలోకి ఎక్కించే మందు మహా మొండిది. ఒంట్లోకి దిగుతూ దిగుతూనే చలిజ్వరం తెప్పించగలదు, ఊపిరి బిగబట్టించగలదు. అందుకని మందుసంచీ వేలాడదీసిన దగ్గర్నుంచి అది ఖాళీ అయ్యేదాకా నర్సు పక్కనుంచి కదలకూడదు. సీమ్‌కు ఆసుపత్రిలోనే ఒకసారి దంతాలు టకటకలాడేంత వణుకు వచ్చింది కాబట్టి ఇంకా మెల్లగా, రెండు గంటల పాటు ఎక్కించమన్నారు. పొద్దుటి పూటంతా అక్కడే తగలడిపోవాలని తోటి నర్సులు ఆ ఇల్లంటే తప్పించుకు తిరిగారు. అలీదా కిక్కురుమనకుండా తన వంతులో వేయించుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా, ఇంకొక మనిషి పక్కన ఊరికే కూర్చుని చాలా ఏళ్ళయిందని చెప్పేది కాదు.

కారు కాలువ గట్టెక్కింది. పొలాల్లో ట్యూలిప్పుల తలలు నరికే యంత్రాలు దిగాయి. ఇక్కడి వ్యాపారం పువ్వులది కాదు, నేలలో పెరిగే విత్తనపు గడ్డలది. పువ్వు ఉంటే గడ్డ ఊరదని, విచ్చిన వారానికే తలలు తెగ్గొట్టేస్తారు. గట్టు వెంట ఎర్రటి, పచ్చటి కుప్పలు పడి మాగుతున్నాయి. ఆ వాసనకు అద్దం ఎత్తేసింది అలీదా.

సీమ్ ఇల్లు గడ్డల షెడ్డు వెనక, చిన్న ఇటుకల ఇల్లు. ఆ వైపు అందరిళ్ళలాగే రాకపోకలన్నీ పెరటి తలుపు గుండానే. వీధి తలుపు ఉందంటే ఉంది. దాన్ని పెళ్ళికో చావుకో తప్ప తియ్యరు. ఆ ఇంట్లో పెళ్ళి జరగలేదు. సీమ్ తల్లి పోయినప్పుడు తీసిన తలుపు, తర్వాత రెండుసార్లు రంగు వేయడంతో చట్రానికి అతుక్కుపోయింది.

పెరట్లోంచి వంటింట్లో అడుగు పెడుతూ, "నేనే" అంది.

"నువ్వు కాక మహారాణి వస్తుందా?" అన్నాడు సీమ్ లోపల్నుంచి. గొంతు ఇవాళ మరీ పీలగా ఉంది. "ఫిల్టరులో కాఫీ దిగుతోంది. కోటు విప్పు."

కోటు విప్పి మేకుకు తగిలించింది. ఆ మేకు పక్కనే దూలానికి పెద్ద ఇనపకొక్కెం, గడ్డల వలలు ఎండబెట్టేది. మందుసంచీ కోసమని సీమే షెడ్డులోంచి తెచ్చి బిగించాడు. సంచీ తగిలించమని ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన చక్రాల కర్ర మూలన నిలబడి ఉంటుంది, అది ఆయనకు నచ్చలేదు.

సీమ్ పదిహేనో ఏట ఆ షెడ్డులో చేరాడు. గడ్డలు ఒలవడం, జల్లెడ పట్టడం, బుట్టలకు బుట్టలు తెగులుమందు తొట్టిలో ముంచి తియ్యడం, కుళ్ళినవి తెచ్చి కుప్ప వెయ్యడం. షెడ్డు చేతులు మారినా ఆయన మారలేదు. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే గడ్డలు తవ్వే రోజులు అయిపోనీ అనేవాడు. ప్రతి ఏడూ తవ్వే రోజులు వచ్చాయి. ఆఖరికి రక్తంలో జబ్బు వచ్చింది. దానికి వేసిన మందులు ఒంట్లోని కాపలాను పడుకోబెట్టాయి, అదే అదనుగా బూజు చేరింది. మొదట మాత్రలు ఇచ్చారు. బూజు లెక్కచెయ్యలేదు. ఆ మాత్రల్లో ఉన్నదీ, గడ్డల తెగులుమందులో ఉన్నదీ ఒక జాతి సరుకే, కుళ్ళు కుప్పల్లో ఏళ్ళ తరబడి దాన్ని పీల్చి మీ బూజు రాటుదేలింది అని డాక్టరమ్మ చెప్పింది. సీమ్ దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"నేనే పెంచానన్నమాట" అన్నాడు. "జీతం లేకుండా కసరత్తు చేయించా."

అలా మాత్రలు పోయి నరంలో మందు ఒక్కటే మిగిలింది. అది బూజును చంపుతుంది. కాస్త ఏమరితే మూత్రపిండాలనూ చంపుతుంది. అందుకే అలీదా పని చూడటానికి పూజలా ఉంటుంది, ఒకదాని తర్వాత ఒకటి, ముందుది వెనక్కి జరగకూడదు. జ్వరం, రక్తపోటు, బరువు. మూత్రం ఎంత పోశాడో కొలత. తర్వాత సంచీ మీది పేరు ఇద్దరూ పైకి చదవడం. దాదాపు అదే పేరుతో ఇంకో రకం ఉంది. దీని మోతాదులో దాన్ని ఎక్కిస్తే మనిషి కుర్చీలోంచి లేవడు. ఆమె మందు పేరు మొత్తం చదివితే ఆయన తన పేరూ పుట్టినరోజూ చెప్పాలి. "నిన్నటికీ ఇవాళ్టికీ మారలేదు" అని చివర చేర్చేవాడు. ఆ తర్వాత మూత్రపిండాలు ఎండకుండా ముందుగా ఉప్పునీళ్ళు. అవి అయ్యాక గొట్టాన్ని చక్కెరనీళ్ళతో కడగాలి, ఎందుకంటే ఈ మందుకు ఉప్పు గిట్టదు, తగిలితే పాలు విరిగినట్టు విరుగుతుంది. ముప్పై ఏళ్ళుగా ప్రతి గొట్టాన్నీ ఉప్పునీళ్ళతో కడిగిన చేతులు ఆమెవి. మొదటి వారం అలవాటుకొద్దీ ఉప్పునీళ్ళ సూది అందుకుంటే సీమే, "చక్కెర, సిస్టరూ, చక్కెర" అని ఆపాడు. అప్పట్నుంచి ఆ మాట ఇద్దరి మధ్యా పలకరింపు అయిపోయింది.

ఇవన్నీ అయ్యాక పసుప్పచ్చటి సంచీ కొక్కేనికి ఎక్కేది. చుక్క పడటం మొదలయ్యేది. అప్పుడు సీమ్ రెండు కప్పుల కాఫీ పోసి, రేకుడబ్బా ముందుకు జరిపేవాడు. దాని మూతమీద ఎప్పటిదో రాణిగారి బొమ్మ. మొహం అరిగిపోయింది, కిరీటం మిగిలింది. లోపల దాల్చినచెక్క బిస్కెట్లు. ఆమెకొకటి, ఆయనకొకటి. వెంటనే రెండు బొటనవేళ్ళతో మూత నొక్కేసేవాడు. టప్పుమనేది. పిసినారితనం కాదు, వాళ్ళ అమ్మ అలా చేసేది, ఊరంతా అలాగే చేస్తుంది. అలీదా కూడా తన ఇంట్లో ఒంటరిగా తినేటప్పుడు ఒకటి తీసి మూత పెట్టేస్తుంది.

రెండు గంటల్లో పెద్దగా మాట్లాడుకునేదీ లేదు. ఒకసారి మాత్రం, చర్చిలో పాడటం మానేశానని ఏదో మాటలో అంది. "ఎందుకు మానేశావ్?" అన్నాడు సీమ్. పన్నెండేళ్ళయింది మానేసి. పాటలవాళ్ళు గానీ, పాస్టరు గానీ, పక్కన నిలబడి పాడిన ఆడవాళ్ళు గానీ ఎవరూ ఆ మాట అడగలేదు. ఆమె కారణం చెప్పింది, చాలా చిన్న కారణం, సీమ్ చివరిదాకా విన్నాడు. ఆరోజు ఇంటికెళ్ళి నిద్రపోయేదాకా దాన్నే తలచుకుంది.

ఇవాళ బరువు చూసింది. పెరిగాడు.

"బిస్కెట్లు" అన్నాడు సీమ్.

వంగి ఆయన పాదం పట్టుకుంది. మామూలు సాక్సు అంచు దిగబడినచోట లోతుగా గాడి పడి ఉంది. బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. లేచి స్నానాలగదిలోకి వెళ్ళింది. గీతలున్న ప్లాస్టిక్ జగ్గు బల్లమీద ఉంది. ఆమె కారు చప్పుడు వినగానే వెళ్ళి పోసి వస్తాడు ఆయన, అందుకే ఎప్పుడు పట్టుకున్నా జగ్గు వెచ్చగా ఉండేది. ఇవాళ గీత బాగానే ఉంది, ఉండాల్సినంత ఉంది. జగ్గు చల్లగా ఉంది. లోపలిది కుళాయినీళ్ళంత తేటగా ఉంది.

నిన్న కూడా చల్లగానే ఉంది.

నిన్న దాన్ని పట్టుకుని కాసేపు నిలబడింది. తన చేతులు ఎప్పుడూ చల్లనే కదా అని సరిపెట్టుకుంది. గీత చూసి అంకె వేసి, సంచీ వేలాడదీసి, కోటు విప్పి కూర్చుంది. ఎందుకు సరిపెట్టుకుందో ఇప్పుడు, జగ్గు పట్టుకుని, ఆమెకు స్పష్టంగా తెలిసింది. సిగ్గుతో చెవులు కాలాయి.

జగ్గు తెచ్చి సీమ్ ఎదురుగా బల్లమీద పెట్టింది. పక్కనే పసుపు సంచీ పడుకుని ఉంది.

"ఇందులో మీది ఎంత?"

సీమ్ కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. "అడుగున కొంచెం."

"ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి తగ్గింది. రాత్రుళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి." కాస్త ఆగి, బజారులో బేరమాడే గొంతుతో అన్నాడు: "ఇవాళ్టికి వేలాడదియ్యి. రేపు ఎలాగూ రక్తం తీస్తారుగా. రేపు చెబుదువుగాని."

"ఇది వేలాడదీస్తే రేపటికి మీకు మూత్రపిండాలు ఉండవు."

"తియ్యకపోతే బూజు ఊరుకుంటుందా?"

"అది డాక్టరు తేల్చాలి. మీరూ నేనూ కాదు."

"మందు ఆపేస్తారు."

"ఆపుతారు."

"ఆపేస్తే నువ్వెందుకొస్తావ్?" అన్నాడు సీమ్. అనేశాక నోరు జారినందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు ముఖం ఎర్రబడింది. "మేజోళ్ళు తొడగడానికా? నాకవి కూడా లేవే!"

అలీదా చేతిలో ఫోను ఉంది. ఇంకొక్క రోజు. నిన్నలాగే సంచీ ఎక్కించి, కాఫీ పోసుకుని, కాలువలో వచ్చేపోయే పడవలు చూస్తూ రెండు గంటలు. ఆయన అడుగుతున్నది అంతే, తనకు కావలసిందీ అంతే. ఆమె నంబరు నొక్కింది.

డాక్టరమ్మకు బరువు చెప్పింది, పాదాల గుంట చెప్పింది, పిక్కల సంగతి చెప్పింది, జగ్గులో నీళ్ళ సంగతి చెప్పింది. అక్కడ ఆపేయొచ్చు. ఆపలేదు.

"నిన్న కూడా చల్లగానే ఉంది డాక్టరుగారూ. నాకు తెలిసింది. తెలిసీ ఎక్కించాను."

"సరే, అది తర్వాత మాట్లాడుకుందాం" అంది డాక్టరమ్మ. "ఇవాళ ఎక్కించొద్దు. తాగడానికి కూడా ఏమీ ఇవ్వకండి. అంబులెన్సు పంపిస్తున్నా, దగ్గరి బళ్ళన్నీ బయట ఉన్నాయి, కాస్త ఆలస్యమవుతుంది. ఆయన పక్కనే కూర్చోండి."

అలీదా కూర్చుంది. కొక్కెం ఖాళీగా ఉంది. రోజూ ఆ చుక్కను చూడటం అలవాటైన ఇద్దరికీ కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కాఫీ పోసుకో" అన్నాడు చివరికి. "నాకొద్దన్నారుగా, నువ్వు తాగితే చూస్తా."

పోసుకుంది. సీమ్ డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. మూత రావడానికి చాలాసేపు పట్టింది. తీసి డబ్బా పక్కన పెట్టాడు. ఆమె ఒకటి తీసుకుంది. ఆయన చెయ్యి మూత వైపు వెళ్ళలేదు.

"నేను ఊరికే కూడా వచ్చేదాన్ని" అంది అలీదా.

"ఊరికే ఎవరూ రారు సిస్టరూ. ఈ ఊళ్ళో తోడబుట్టినవాళ్ళు కూడా వారం ముందు చెప్పి వస్తారు."

"అయితే ఇప్పుడే చెబుతున్నా. ఆదివారం."

సీమ్ ఆమె ముఖంలోకి చూశాడు, వేళాకోళమేమోనని. "ఏ వేళకు?"

"కాఫీ వేళకు. మందు లేకుండా."

"ఆదివారం నేనెక్కడుంటానో!"

"ఎక్కడుంటే అక్కడికే వస్తాను."

ఆయన తలాడించాడు. కాసేపు పోయాక, "పాట ఏదైనా గుర్తుందా?" అన్నాడు. అలీదాకు నవ్వొచ్చింది, ఇప్పుడు పాడమంటాడా ఏంటి? పాడమన్నాడు. గొంతు తుప్పు పట్టిందంటే, నా చెవులూ అంతేలే అన్నాడు. ఆమె కిటికీ వైపు తిరిగి, చాలా చిన్నగా, ఒక చరణం పాడింది. మధ్యలో మాట మర్చిపోయి ఆగింది. సీమ్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. పాడుతూనే ఉండమన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఇంకోటి తీసుకో" అన్నాడు తర్వాత, డబ్బా చూపించి.

పుట్టి బుద్ధెరిగాక ఆమెకు ఒక కాఫీకి రెండో బిస్కెట్టు తీసుకోమన్న మనిషి లేడు. తీసుకుంది.

అంబులెన్సువాళ్ళిద్దరూ పెరటివైపు నుంచే వచ్చారు, పక్క ఊరివాళ్ళే, వాళ్ళకూ ఆ పద్ధతి తెలుసు. అయితే సీమ్‌ను పడుకోబెట్టాక స్ట్రెచరు వంటింటి మూల తిరగలేదు. రెండు రకాలుగా చూశారు, నిలబెట్టి కూడా చూశారు. ఒకతను మెల్లగా అడిగాడు: "వీధి తలుపు వస్తుందా?"

అలీదా వంటింట్లోంచి వెడల్పాటి కత్తి తెచ్చి చట్రం చుట్టూ రంగు కోసింది. అతను భుజం ఆనించి రెండు మూడుసార్లు తోశాడు. రంగు పెచ్చులు రాలి, తలుపు గట్టిగా అరిచి తెరుచుకుంది. ఏళ్ళుగా వెలుతురు ఎరగని నడవలోకి కాలువ గాలీ ఎండా ఒక్కసారిగా వచ్చిపడ్డాయి.

సీమ్ తల ఎత్తి ఆ వెలుతురు చూశాడు.

"పెళ్ళెవరికి సిస్టరూ?" అన్నాడు.

అలీదా నవ్వబోయింది, రాలేదు. ఆయన చెయ్యి పట్టుకుని బండిదాకా నడిచింది. పట్టుకున్న చేతులు రెండూ చల్లగానే ఉన్నాయి. లోపలికి ఎక్కిస్తుంటే ఏదో గుర్తొచ్చినవాడిలా, "డబ్బాకి మూత పెట్టకు" అన్నాడు. "మళ్ళీ తీయడం నావల్ల కాదు."

"పెట్టను."

బండి గట్టు దాటి, పూలకుప్పల అవతల తిరిగి, కనబడకుండా పోయింది. వీధి తలుపు మూయబోతే ఉబ్బిన చెక్క చట్రంలో పట్టలేదు. ఒక బుట్ట అడ్డం పెట్టింది. అప్పటికే ఫోను మోగుతోంది, కంటిచుక్కల ఇంటివాళ్ళు ఇంకా రాలేదేమని. సంచీని బల్లమీదే వదిలేసి పరిగెత్తింది.

మధ్యాహ్నమంతా వంగింది, లేచింది, చేతులు కడుక్కుంది. సాయంత్రం మేజోళ్ళు విప్పడానికి మళ్ళీ బ్యూమర్ ముసలావిడ ఇంటికి వచ్చింది. ఎడమకాలిది సగం విప్పుతుండగా జేబులో ఫోను కదిలింది. డాక్టరమ్మ.

రక్తం చూస్తే మూత్రపిండాలు అప్పటికే చేతులెత్తేశాయట. రక్తం శుభ్రం చేసే యంత్రానికి కలిపేలోపు, పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండగా, గుండె ఆగిపోయిందట. నొప్పేమీ తెలియలేదంది. "మీరు ఇవాళ చేసింది సరైన పని" అని కూడా అంది. నిన్నటి మాట ఎత్తలేదు.

అలీదా ఫోను జేబులో పెట్టుకుని, మేజోడు మిగతా సగం విప్పింది.

"నీ చేతులు చల్లగా ఉన్నాయి" అంది బ్యూమర్ ముసలావిడ.

అలీదా ఏమీ అనలేదు. ముసలావిడ టీవీ మీంచి చూపు తిప్పి కిందికి చూసింది, జవాబు కోసం ఆగింది, మళ్ళీ టీవీ వైపు తిరిగింది.

వాడని మందును ఆసుపత్రి మందులగదికి తిరిగి అప్పజెప్పాలి, అది పద్ధతి. పొద్దు ఇంకా బాగానే ఉంది. అలీదా కాలువ గట్టు మీదుగా సీమ్ ఇంటికి వచ్చింది. వీధి తలుపు బుట్టను నెట్టుకుని బార్లా తెరుచుకుని ఉంది. అటునుంచి పోవడానికి మనసొప్పక, ఇల్లు చుట్టూ తిరిగి పెరటి తలుపు గుండా వెళ్ళింది. "నేనే" అనబోయి ఆపుకుంది.

పసుపు సంచీని చల్లపెట్టెలో పెట్టి మూత బిగించింది. జగ్గు పారబోసి కడిగి బోర్లించింది. ఇక చెయ్యడానికి పనేమీ లేదు. కోటు విప్పి మేకుకు తగిలించి, తన కుర్చీలో, ఖాళీ కొక్కేనికి ఎదురుగా కూర్చుంది. ఎవరూ చూడమనలేదు, ఎవరూ కూర్చోమనలేదు. నిన్న చెప్పి ఉంటే, అనుకుంది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

నడవలోంచి గాలి వచ్చి బల్లమీదుగా పెరట్లోకి పోతోంది. బిస్కెట్టు ఒకటి తీసి కొరికింది. పొద్దుటి నుంచీ గాలికి ఉండి మెత్తబడిపోయింది. అయినా తినేసింది. చీకటి పడే ముందు లేచి, కోటు వేసుకుని, చల్లపెట్టె తీసుకుని బయల్దేరింది.

బల్లమీద రేకుడబ్బా తెరిచే ఉంది. దాని పక్కన, సీమ్ పెట్టినచోటే, మొహం అరిగిన రాణిగారి కిరీటం పైకి ఉండేలా మూత ఉంది.